గిఫ్టెడ్ పిల్లలకు అమెరికా వలస చరిత్ర ఎలా చెప్పాలి?

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఒక పబ్లిక్ స్కూల్లో గిఫ్టెడ్ ప్రోగ్రామ్ పిల్లలకు, అంటే చదువులో వయసుకి మించి ముందుండే పిల్లలకు, సోషల్ స్టడీస్ చెబుతాను. ఆరో తరగతి. ఈ ఏడు 'వలసలు: నాడూ నేడూ' అనే మూడు వారాల యూనిట్ నాకు అప్పజెప్పారు. ఇంతకు ముందున్న టీచర్ ఏటా 'ఎల్లిస్ ఐలాండ్ డే' జరిపేవారట, ఓడల్లో వచ్చిన వలసదారులను ఒకప్పుడు తనిఖీ చేసిన న్యూయార్క్ రేవు దీవి పేరు మీద. పిల్లలు తలకు గుడ్డలు కట్టుకుని, పాత సూట్‌కేసులు పట్టుకుని వరసలో నిలబడతారు. తర్వాత ఎవరి కుటుంబం ఎక్కడినుంచి వచ్చిందో పోస్టర్ వేసి తెస్తారు. మా పిల్లలేమో పాఠం మొదటిరోజే చదివేసి 'ఇంకేంటి?' అంటున్నారు. ఒక అబ్బాయి లేచి, 'మా ముత్తాత వాళ్లు లీగల్‌గానే వచ్చారు కదా, ఇప్పటివాళ్లు అలా ఎందుకు రారు?' అనడిగాడు. అంతే, క్లాసు రెండు ముక్కలైంది. తల్లిదండ్రుల్లో అన్ని రకాల ఆలోచనలవాళ్లూ ఉన్నారు. పైగా నేనే గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాను. 'మిస్, మీరు కూడా ఇమిగ్రెంటేనా?' అని అడుగుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. — ఒక టీచర్

జవాబు:

టీచర్ గారూ,

ఆ అబ్బాయి ప్రశ్న మీ మూడు వారాలకూ సరిపోతుంది. సర్దిచెప్పి దాటేయకండి. చార్టు మీద రాసి గోడకు అంటించండి. దాని కింద మీరు ఇంకో ప్రశ్న చేర్చండి: 'వాళ్లు వచ్చిన ఏడాది అమల్లో ఉన్న రూలు ఏంటి?' ఈ రెండోది లేకుండా మొదటిదానికి జవాబు చెప్పబోతే క్లాసు రెండు ముక్కలు కాక ఏమవుతుంది?

ఇలాంటి పిల్లలతో అసలు చిక్కు పాఠం త్వరగా అయిపోవడం కాదు, అభిప్రాయం త్వరగా తయారైపోవడం. పదకొండేళ్ల పిల్ల ఏ పక్షం వైపైనా పది నిమిషాలు తడుముకోకుండా వాదించేస్తుంది. ఆ మాటకారితనం చూసి మనమూ మురిసిపోతాం. ఇంకో రెండు అధ్యాయాలు, ఇంకో వర్క్‌షీటు ఇచ్చారనుకోండి, వాదనకి మరికాస్త సరుకు దొరుకుతుంది తప్ప ఆలోచన ముందుకు కదలదు. మాటలతో నెగ్గలేని వస్తువేదో వాళ్ల చేతిలో పెట్టాలి. వలస విషయంలో అలాంటి వస్తువు చట్టం. అందులో రాసిన తేదీ, వయసు, శాతం, మినహాయింపు. కథలూ పాత ఫొటోలూ ఆ తర్వాత చూపించవచ్చు.

నేనైతే ముందు ఒక మనిషిని కల్పిస్తాను. ఇరవై రెండేళ్ల యువకుడు, కూలిపని చేసుకునేవాడు. ఆరోగ్యంగా ఉన్నాడు, తన భాష చదవగలడు, చేతిలో కాస్త డబ్బుంది. 'వస్తే పని ఇస్తాను' అని అమెరికాలో ఒక యజమాని రాసిన ఉత్తరం జేబులో ఉంది. ఈ మనిషి మారడు. పుట్టిన దేశం, అమెరికాలో దిగిన సంవత్సరం మాత్రం మారుస్తాం. నాలుగు దేశాలు: ఇటలీ, చైనా, ఇండియా, మెక్సికో. ఆరు సంవత్సరాలు: 1880, 1907, 1925, 1950, 1970, ఈ ఏడాది. గోడమీద 24 గడుల పట్టిక గీయండి. ప్రతి గడిలో రెండే విషయాలు రాయాలి: రానిస్తారా లేదా, ఏ రూలు ప్రకారం. జతలుగా విడదీసి పని పంచండి. మొదటి వారమంతా దీనికే ఇచ్చినా నష్టం లేదు.

1880 వరస చూసి పిల్లలు తెల్లబోతారు. నాలుగు గడుల్లోనూ 'రావచ్చు' అనే రాయాల్సి వస్తుంది. రెండేళ్లు తిరిగేసరికి, 1882లో, చైనా కూలీలకు తలుపు మూశారు. ఇక 1907 వరసలో ఇటలీ గడి దగ్గర ఆగిపోతారు. అక్కడ ఆ యజమాని ఉత్తరమే మనవాడి కొంప ముంచుతుంది. ముందుగా పని ఒప్పుకుని వచ్చే విదేశీ కూలీలను 1885 నాటి చట్టం నిషేధించింది. యజమానులు చవక కూలీలను ఓడల్లో దించి ఇక్కడివాళ్ల జీతాలు తగ్గిస్తున్నారని కార్మిక సంఘాల ఫిర్యాదు. అందుకని ఎల్లిస్ ఐలాండ్‌లో ఇన్‌స్పెక్టరు అడిగేవాడు: ఇక్కడ నీకు పని ఖాయమైందా? అవునన్నా ముప్పే. అలాగని రేపు ప్రభుత్వానికి భారమయ్యేవాడిలా కనిపించినా ముప్పే. పని దొరికిందని చెప్పకూడదు, దొరకదని అనిపించకూడదు. ఇప్పుడు అదే మనిషికి డిగ్రీ ఒకటి చేర్చి, ఈ ఏడాది వరసలో హెచ్-1బి ఉద్యోగ వీసా కింద పెట్టమనండి. యజమాని లేకుండా దరఖాస్తే లేదు. ఒక కాలంలో వెనక్కి పంపిన కాగితం ఇంకో కాలంలో లోపలికి రానిస్తోంది. దాన్ని పట్టుకున్న పిల్లకి ఇక పాఠ్యపుస్తకం పనిలేదు.

ఎల్లిస్ ఐలాండ్ గురించి చెప్పాల్సినవి చెప్పండి, అక్కడే మకాం వేయకండి. 1892 జనవరి 1న తెరిచారు, 1954లో మూశారు. ఈ మధ్యలో సుమారు 1 కోటి 20 లక్షల మంది ఆ దారిన వచ్చారు. వెనక్కి పంపింది దాదాపు 2 శాతాన్నే. మెట్లెక్కి వస్తుండగానే డాక్టర్లు చూసి కోటు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టేవారు, కళ్లజబ్బుకి ఒక అక్షరం, గుండెకి ఇంకోటి. అన్నట్టు, 'అక్కడి గుమాస్తాలు మా ఇంటిపేరు మార్చేశారు' అని ఎవరో ఒకరు తప్పక అంటారు. వాళ్లు కొత్తగా పేర్లు రాసుకునేవాళ్లు కారు, ఓడ బయలుదేరిన రేవులో తయారైన జాబితా ముందు పెట్టుకుని సరిచూసేవారు. పేర్లు ఎక్కువగా తర్వాత ఎప్పుడో, సొంతగా మార్చుకున్నవే. మరి ఈ కథ అంతగా ఎందుకు నాటుకుపోయిందో కనుక్కోమని ఒకరికి వదిలేయండి.

వేషాల రోజు మానేయండి. ఆకలీ భయమూ ఆటవస్తువులు కావు. అదొక్కటే కారణం కాదు, ఆ ఆట అట్లాంటిక్ వైపు కథ ఒక్కటే చెబుతుంది. కుటుంబ పోస్టర్ కూడా వద్దు. బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి వలసదారులా? ఇక్కడే ఉన్న ఆదివాసీ జాతులవాళ్లు ఏ దేశం పేరు రాస్తారు? 1848 ఒప్పందంతో సరిహద్దే తమ ఇళ్లు దాటి దక్షిణానికి జరిగిపోయిన మెక్సికన్ కుటుంబాల సంగతేంటి? దత్తత వచ్చిన పిల్లలుంటారు. కాగితాలు లేని ఇంటి పిల్లలూ ఉండొచ్చు. ఆ పిల్లలకు పబ్లిక్ స్కూలు తలుపు మూయకూడదని 1982లో ప్లైలర్ కేసులో సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. వాళ్ల ఇంటి సంగతి ముప్పై మంది ముందు బయటపెట్టించే హోంవర్కు మన చేతుల మీదుగా వెళ్లకూడదు. ఎవరైనా తమంతట తాము చెబితే వినండి. అడగొద్దు.

దాని బదులు ఈ పని చేయించండి. క్లాసులో విడదీయరాని జత ఒకటుంటుంది కదా, ఆ ఇద్దరినీ పిలిచి ఒకరిని బయట కూర్చోబెట్టండి. లోపలున్నవారిని అడగండి: మన గది నుంచి లైబ్రరీకి ఎన్ని మెట్లు? లైబ్రరీ కిటికీలు ఏ దిక్కుకి? గోడగడియారం తలుపుకి ఏ పక్కన ఉంది? నిన్న భోజనం దగ్గర మీ ఎదురుగా ఎవరు కూర్చున్నారు? జవాబులు రాసుకుని రెండోవారిని పిలిచి అవే అడగండి. సగం కలవవు. రోజూ ఇదే బడిలో తిరిగే ఇద్దరు, ఎవరూ అబద్ధమాడలేదు. ఇప్పుడు క్లాసుని అడగండి, వీళ్లలో ఎవరిని వెనక్కి పంపుదాం?

శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఏంజెల్ ఐలాండ్‌లో 1910 నుంచి 1940 దాకా సాగింది ఇదే. చైనా కూలీలకు దారి మూసినా అమెరికా పౌరుల పిల్లలకు ప్రవేశం ఉండేది. 1906 భూకంపం తర్వాత రేగిన మంటల్లో ఊళ్లోని జనన రికార్డులు కాలిపోయాయి. దాంతో చాలామంది తాము ఇక్కడే పుట్టామని చెప్పుకోగలిగారు, చైనాలో కొడుకులున్నారని రాయించారు. ఆ స్థానాల్లో కొందరు సొంత కొడుకులొచ్చారు, కొందరు డబ్బిచ్చి కొనుక్కున్న కాగితాలతో వచ్చారు. ఎవరు ఎవరో తేల్చడానికి అధికారులు కుర్రాణ్ణి గంటల తరబడి ప్రశ్నించేవారు: మీ ఇంటిముందు మెట్లెన్ని, బావి ఎంత దూరం, బియ్యం ఎక్కడ పెడతారు, మీ వీధిలో మూడో ఇల్లు ఎవరిది. అవే ప్రశ్నలు తండ్రినీ అడిగి పోల్చేవారు. వారాలు, ఒక్కోసారి నెలలు పట్టేది. ఎదురుచూసినవాళ్లు బ్యారక్ గోడల చెక్కమీద చైనీస్ కవితలు చెక్కారు. ఇవాళ్టికీ ఉన్నాయి, అనువాదాలు దొరుకుతాయి.

ఆట అయ్యాక మాట్లాడించాల్సింది జాలి గురించి కాదు, పరీక్ష గురించి. కాగితం కొని జవాబులు బట్టీపట్టినవాడు గట్టెక్కుతాడు, నిజం కొడుకు మెట్లు లెక్కపెట్టుకోలేదు కాబట్టి ఇరుక్కుంటాడు. ఈ లోపం పిల్లలు పట్టుకున్నాక, 'సరే, ఇంతకంటే మంచి పరీక్ష మీరు తయారుచేయండి, డీఎన్ఏ లేని కాలమని గుర్తుంచుకోండి' అనండి. కిందా మీదా పడతారు. పడనివ్వండి. వేషాల రోజుకీ దీనికీ తేడా అడుగుతారేమో. ఇక్కడ ఎవరూ బాధితుడి పాత్ర వేయడంలేదు, ఒక పద్ధతిని విప్పి చూస్తున్నారు.

రెండో వారానికి రెండు సుప్రీం కోర్టు తీర్పులు. అప్పట్లో వలసవచ్చినవాడికి పౌరసత్వం కావాలంటే 'తెల్లవాడు' అయి ఉండాలి, లేదా ఆఫ్రికన్ సంతతివాడు. జపాన్‌లో పుట్టి బర్కిలీలో చదువుకున్న టకావో ఒజావా దరఖాస్తు పెట్టాడు. 1922 నవంబరులో కోర్టు అంది: తెల్లవాడంటే చర్మం రంగు కాదు, కాకేసియన్ జాతి, నువ్వు కావు. మూడు నెలలకి, 1923 ఫిబ్రవరిలో, పంజాబ్‌లో పుట్టి అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ కేసు వచ్చింది. ఆనాటి శాస్త్రవేత్తల లెక్కలో ఉత్తర భారతీయులు కాకేసియన్లే, మరి నాకివ్వండి అన్నాడాయన. కోర్టు అంది: శాస్త్రం మాట అలా ఉంచు, మామూలు జనం నిన్ను తెల్లవాడనరు. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్. ఆయన పుట్టింది ఇంగ్లండ్‌లో. ఈ చివరి సంగతి మాత్రం ముందే చెప్పేయకండి.

తీర్పు మొత్తం చదివించక్కర్లేదు. ఒక్కో దాన్నుంచి కీలకమైన రెండు పేరాలు తీసి, పేర్లు కొట్టేసి, పక్కపక్కన పెట్టి ఇవ్వండి. 'మొదటి తీర్పు సరైనదైతే రెండోది ఎలా నిలబడుతుంది?' అన్న ఒక్క ప్రశ్న చాలు. థింద్ చివరికి 1936లో మాజీ సైనికుడి హోదాలో పౌరుడయ్యాడని తర్వాత చెప్పవచ్చు. ఈ తీర్పు దెబ్బకి పౌరసత్వం పోగొట్టుకున్నవాళ్లలో వైష్ణో దాస్ బగాయ్ ఒకరు. ఆయన కథ మీరు చదవండి, ఆరో తరగతికి మాత్రం చివరిదాకా చెప్పకండి. అది ఆత్మహత్యతో ముగుస్తుంది. బుర్ర పదహారేళ్లదైనా ఆ పిల్లల మనసు పదకొండేళ్లదే. పగలు క్లాసులో గంభీరంగా వాదించిన పిల్ల రాత్రి నిద్రపోదు.

లెక్కలంటే ఇష్టపడేవాళ్లకి 1924 నాటి వలస కోటా చట్టం ఇవ్వండి. 1921 చట్టంలో ఒక్కో దేశానికీ కోటా ఏమిటంటే, 1910 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడున్న ఆ దేశపువాళ్లలో 3 శాతం. 1924లో దాన్ని 2 శాతానికి తగ్గించారు. అంటే మూడోవంతు కోత పడాలి. ఇటలీ కోటా మాత్రం సుమారు 42,000 నుంచి 3,845కి పడిపోయింది. మూడోవంతు ఎక్కడ, పదకొండు వంతుల్లో పది ఎక్కడ! మిగతా కోత ఎక్కడినుంచి వచ్చిందో కనుక్కోమనండి. చట్టం తిరగేస్తే దొరుకుతుంది: ఆధారంగా 1910ని తీసేసి 1890 జనాభా లెక్కలు పెట్టారు. 1920 లెక్కలు చేతిలో ఉండగా 34 ఏళ్ల పాతవి ఎందుకు తవ్వి తీశారు? ఇటలీ, పోలండ్, గ్రీసుల నుంచి జనం పెద్ద ఎత్తున వచ్చింది 1890 తర్వాత. కొత్త కోటాలో జర్మనీకి 51,227, గ్రీసుకి 100. చట్టంలో 'ఇటాలియన్లు వద్దు' అన్న ముక్క ఎక్కడా ఉండదు. ఒక సంవత్సరం మార్చారు, అంతే. ఏ వార్త చదివినా ఆధార సంవత్సరం వెతికే అలవాటు ఇక్కడ పడుతుంది.

ఇంతవరకూ వచ్చాక ముత్తాత ప్రశ్నకి క్లాసే జవాబు చెప్పగలదు. ముత్తాత యూరప్ నుంచి 1905లో వచ్చి ఉంటే వీసా అనేది లేదు, సంఖ్యాపరిమితి లేదు. విదేశంలో కాన్సులేటుకి వెళ్లి వీసా తెచ్చుకోవడమనే పద్ధతి 1924 చట్టంతో స్థిరపడింది. మెక్సికోతో సహా పశ్చిమార్ధగోళ దేశాలకైతే సంఖ్యాపరిమితి 1965 చట్టంతో వచ్చి 1968లో అమలైంది. ఆ అబ్బాయి చెప్పింది నిజమే, ముత్తాత రూలు ప్రకారమే వచ్చి ఉంటాడు. ఆయన్ని తెచ్చి ఇవాళ్టి గడిలో పెడితే ఏమవుతుందన్నది అతనే పట్టికలో చూసుకుంటాడు. మీరు అతన్ని ఓడించినట్టు కనిపించకూడదు, మంచి ప్రశ్న అడిగాడు. అలాగే 'అయితే ఇప్పుడు రూల్సు పాటించక్కర్లేదా?' అని అతను తిరిగి అడిగితే అదీ మంచి ప్రశ్నే. దానికి పట్టికలో జవాబు లేదని ఒప్పుకోండి.

'నేడు' భాగానికి, గ్రీన్ కార్డు వంతు ఎవరిదాకా వచ్చిందో చెబుతూ అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వేసే వీసా బులెటిన్ చాలు. మీకు కంఠతా వచ్చి ఉంటుంది. పిల్లలకి అది ఒక పట్టిక: పైన దేశాలు, పక్కన కేటగిరీలు, గడుల్లో తేదీలు. ఆ తేదీకి ముందు క్యూలో చేరినవాళ్ల వంతు వచ్చిందని అర్థం. ఇండియా నిలువుగడిలో ఒకే వరస తీసుకుని గత పదిహేనేళ్ల తేదీలు గ్రాఫు గీయమనండి. గీత అక్కడక్కడా వెనక్కి నడుస్తుంది. ఎందుకని అడిగితే 7 శాతం దగ్గరికి రావాలి. కుటుంబ, ఉద్యోగ కోటాలు కలిపి ఏడాదికి కనీసం 3,66,000 గ్రీన్ కార్డులు. అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతం, అంటే 25,620 మించకూడదు. ఇండియాకీ అంతే, ఐస్‌లాండ్‌కీ అంతే. 1924 కోటా దేశాలను కావాలని ఎక్కువ తక్కువ చేసింది. ఇది అందరికీ ఒకే గీత గీసింది. ఏది న్యాయం? ఈ ఒక్క ప్రశ్న మీద పూర్తి పీరియడ్ నడుస్తుంది, నడవనివ్వండి. ఒక్క జాగ్రత్త. మీ క్లాసులో మన పిల్లలుంటే ఆ గ్రాఫు వాళ్లకి లెక్కల పాఠం కాదు, ఇంట్లో అమ్మానాన్నలు గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం. ఇరవై ఒకటి నిండితే తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి పేరు పోవచ్చని కొందరికి ఇప్పటికే తెలుసు. ఇండియా వరస వాళ్ల చేతికివ్వకుండా ఇంకో దేశం ఇవ్వండి.

ఇంకో గ్రాఫు చిన్నది. విదేశాల్లో పుట్టిన జనాభా 1910లో 1.35 కోట్లు, దేశ జనాభాలో 14.7 శాతం. 1970లో 96 లక్షలు, 4.7 శాతం. 2023లో 4.78 కోట్లు, 14.3 శాతం. ఒక జట్టు సంఖ్యలు గీయాలి, ఇంకో జట్టు శాతాలు. ఒకటి 'ఎన్నడూ లేనంత' అంటుంది, ఇంకోటి 'నూరేళ్ల క్రితం లాగే' అంటుంది. రెండూ నిజమే. ఏ పత్రిక ఏది వాడుకుంటుందో వాళ్లే గమనిస్తారు.

మీ సంగతి. 'మీరూ ఇమిగ్రెంటేనా' అంటే 'అవును, నేను ఇండియా నుంచి వచ్చాను' అని మామూలుగా చెప్పేయండి. మీ వీసా ఏది, క్యూలో ఎక్కడున్నారు అన్నవి చెప్పనక్కర్లేదు. పిల్లలకి మీ మీద ప్రేమ ఉంటుంది, మీ కేసు తెలిస్తే ఇక ఏ రూలు గురించి మాట్లాడినా మీ మొహం చూసి మాట్లాడతారు. చర్చ అక్కడితో చస్తుంది.

తల్లిదండ్రులకి యూనిట్ మొదలయ్యే ముందే ఒక పేజీ ఉత్తరం పంపండి. ఏ పత్రాలు చదివిస్తున్నారో పేర్లతో రాయండి, అటువైపు గొంతులూ ఉన్నాయని కనబడాలి. శామ్యూల్ గాంపర్స్‌ను పెట్టండి. లండన్‌లో పుట్టి పదమూడో ఏట అమెరికా వచ్చిన ఈ కార్మిక నాయకుడు వలసలకు అడ్డుకట్ట వేయమని పోరాడాడు. ఆయన భయం జీతాల గురించి, అది ఉత్తి ద్వేషమని కొట్టిపారేయలేం, అందులో జాతి ద్వేషం లేదనీ అనలేం. అటు పక్కన, బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1869లో బోస్టన్‌లో చేసిన ప్రసంగం, చైనావాళ్లను రానివ్వాలని. వలస వచ్చేవాళ్లకి చదవడం వచ్చి ఉండాలనే చదువు పరీక్ష బిల్లును అధ్యక్షులు వీటో చేశారు: 1897లో క్లీవ్‌లాండ్, 1913లో టాఫ్ట్, తర్వాత విల్సన్. ముగ్గురివీ వీటో సందేశాలున్నాయి. 1917లో కాంగ్రెస్ వీటోని తోసిరాజని చట్టం చేసేసింది. మొదటి రెండు వారాలూ క్లాసులో 'ఇలా ఉండాలి, అలా ఉండకూడదు' అనే మాటలు నిషేధమని మీ ఉత్తరంలో చెప్పండి. రూలు ఏం చెప్పింది, ఎవరు చేశారు, ఎవరి మీద పడింది, అంతవరకే. 'ఉండాలి' అనే మాట మూడో వారంలో తలుపు తీసుకుని వస్తుంది.

ఆ వారంలో ఒక్కో జట్టూ వంద పదాల్లోపు సొంత వలస చట్టం రాయాలి. మిగతా జట్లు తలా ఒక దరఖాస్తుదారుణ్ణి కల్పించి ఆ చట్టం ముందు నిలబెడతాయి: ముసలి తల్లి, యుద్ధం నుంచి పారిపోయిన డాక్టరు, సర్టిఫికెట్లు కాలిపోయిన కుర్రాడు, పంటకోతకి ఆరునెలలు వచ్చి వెళ్లే కూలీ. చట్టం ఎక్కడ చిల్లుపడితే అక్కడ సవరణ రాసుకోవాలి. సవరణకి ఇంకో ఇరవై పదాలు మాత్రమే. మార్కులు మొదటి చట్టానికి వేయకండి, సవరణకి వేయండి, ఎవరిని లోపలికి తీసుకున్నారన్నది చూడకండి. సమయం చాలకపోతే ఎల్లిస్ ఐలాండ్ భాగం ఒక్క పీరియడ్‌కి కుదించండి, పాఠ్యపుస్తకంలో అది ఎలాగూ ఉంది. కోర్టు తీర్పుల పీరియడ్ మాత్రం తగ్గించకండి.